కొత్త లైను పడేలోపే కళ్లు తెరుద్దాం

రైలు కట్ట పక్కన ఊరున్నవారికీ, రోజూ రైలెక్కేవారికీ, ఆ పట్టాల మీద పనిచేసేవారికీ ఒక మాట. దయచేసి ఇప్పుడే వినండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పట్టాలకు ఇరువైపులా ఉన్న నేల చూస్తుండగానే మారిపోతోంది. ఒక లైనున్న చోట రెండోది పడుతోంది, రెండున్న చోట మూడోది పడుతోంది. బండ్ల వేగం పెరిగింది. కంచెలు లేస్తున్నాయి. పొక్లెయిన్లు కట్ట పక్కనున్న పొదనూ పుట్టనూ గుంటనూ చెట్టునూ ఒక్క పూటలో చదును చేసి పోతున్నాయి. లైన్లు కావాలి, కాదనేవారు ఎవరూ లేరు. అయితే వాటి పేరిట పోతున్న ప్రాణాల్లో చాలావాటిని కాపాడుకోవచ్చు. పని మొదలయ్యే ముందు చూసుకుంటే ఖర్చూ పెద్దగా ఉండదు. కట్ట లేచి, తూము కట్టి, కంచె వేశాక సరిదిద్దడం మాత్రం మహా కష్టం. బ్రిటిష్ కాలంలో వేసిన దారుల్లోనే మన బండ్లు చాలావరకు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇప్పుడు చేసే తప్పు కూడా అన్నేళ్లూ ఉండిపోతుంది.

అక్కడేముంది, ముళ్లకంప తప్ప అనుకోకండి. చేలన్నీ గట్ల అంచుదాకా దున్నేశాం. బీళ్లు ప్లాట్లయ్యాయి. పొలాల్లో మందు కొట్టని రోజు లేదు. ఇలాంటి చోట, దున్నకుండా, చాలాచోట్ల మందు పడకుండా ఏళ్ల తరబడి మిగిలిన నేల రైల్వే వారి హద్దు రాళ్ల మధ్య ఉన్న సన్నని పట్టీయే. కట్ట కోసం మట్టి తవ్విన గుంటల్లో వాన నీరు నిలిచి కలువ పూస్తుంది. కప్పలు గుడ్లు పెడతాయి. ఆ గుంటల మీదికి వంగిన ఈత చెట్లకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. తంగేడు, రేగు, బలుసు, కలివి పొదల్లో కౌజులు, కుందేళ్లు, ముంగిసలు ఉంటాయి. జిల్లేడు ఆకు మీద సీతాకోకచిలుక పురుగులు పెరుగుతాయి. తీతువు పిట్ట అయితే గూడంటూ కట్టదు. రాళ్ల మధ్య రాళ్లలా కనిపించే గుడ్లు పెట్టి, పట్టాల పక్క కంకరలో కూడా పొదుగుతుంది. తీగ మీద కూర్చున్న పాలపిట్టను కిటికీలోంచి చూసి పిల్లలకు చూపిస్తాం కదా, దాని తిండి ఆ గడ్డిలోని మిడతలే. గడ్డి పోతే పిట్టా పోతుంది.

ఇక అడవుల్లోంచి వెళ్లే లైన్ల సంగతి మరీ తొందరగా పట్టించుకోవాలి. దక్షిణ మధ్య రైల్వేలో సికింద్రాబాద్–కాజీపేట–బల్లార్షా, కాజీపేట–విజయవాడ–గూడూరు వంటి ముఖ్య మార్గాల్లో 2022 సెప్టెంబరులో గంటకు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి వచ్చింది. కాజీపేట–బల్లార్షా మూడో లైనులో మాకుడి, కాగజ్‌నగర్, రేచిని రోడ్డు వైపు సాగే భాగం మహారాష్ట్రలోని తడోబా నుంచి మన కవ్వాల్ అడవులకు పులులు నడిచి వచ్చే దారిని కోస్తుంది. 401 కిలోమీటర్ల గుంటూరు–గుంతకల్లు మార్గం రెండో లైను నంద్యాల దాటాక గాజులపల్లె, చలమ, దిగువమెట్ట మీదుగా నల్లమలను చీల్చుకుంటూ గిద్దలూరు వైపు దిగుతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవికీ, దక్షిణాన లంకమల, శేషాచలం కొండలకూ మధ్య జంతువులు తిరగాల్సిన నేల ఇది. ఉత్తరాన, బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అనంతగిరి, బొర్రా, అరకు కొండల మీదుగా పోతుంది. అక్కడా రెండో లైను కోసం కొండలు తొలుస్తున్నారు.

ఒంటి లైను ఉన్నప్పుడు జింక అయినా ఎలుగు అయినా ఒక్క పరుగులో దాటేది. లైన్లు పెరిగేకొద్దీ దాటాల్సిన వెడల్పు పెరుగుతుంది. బండ్ల సంఖ్య పెరుగుతుంది, రెండు బండ్ల మధ్య విరామం తగ్గుతుంది. ఒక బండికి భయపడి పక్క లైను మీదికి దూకిన జంతువు అటునుంచి వచ్చే బండి కింద పడుతుంది. వేగం పెరిగితే లోకో పైలట్‌కు కనిపించినా ఆపే వీలుండదు. బ్రేకు వేశాక కూడా బండి వందల మీటర్లు పోతుంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. రాత్రంతా ఇంజనులో కూర్చుని, ఒక ప్రాణిని గుద్దిన బాధ మోసేది కూడా ఆయనే.

మన దగ్గర అంత పెద్ద ప్రమాదం జరగలేదు కదా అని ఊరుకోవద్దు. మన పొరుగునే జరిగాయి. 2018 నవంబరులో చంద్రాపూర్ జిల్లా చిచ్‌పల్లి అడవిలో చాందా ఫోర్ట్–గోండియా లైను మీద మూడు పులి కూనలు రైలు కింద పడి చచ్చిపోయాయి. కాగజ్‌నగర్ అడవికి పులులు వచ్చేది ఆ జిల్లా నుంచే. 2012 డిసెంబరు చివరలో ఒడిశాలోని గంజాం జిల్లాలో, మనందరం ఎక్కే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఏనుగుల మందను ఢీకొంది. అంతకు రెండేళ్ల ముందు ఉత్తర బెంగాల్‌లోని బనార్‌హాట్ దగ్గర ఒక్క రాత్రే ఏడు ఏనుగులు పోయాయి. 2009-10 నుంచి 2020-21 వరకు దేశం మొత్తం మీద రైళ్ల కింద 186 ఏనుగులు చనిపోయాయని కేంద్రం లెక్క. ఏనుగు పెద్దది కాబట్టి లెక్కకు వచ్చింది. అలుగు, ఉడుము, నక్క, నెమలి, కొండచిలువ ఏ లెక్కలోకి వస్తాయి? ఉదయం పట్టాలు చూసుకుంటూ నడిచి వెళ్లే కీమన్ చూస్తాడు, పక్కకు తోసి ముందుకు పోతాడు. అంతే.

ఇప్పుడు మన పార్వతీపురం మన్యంలో ఏనుగులు తిరుగుతున్నాయి. కుప్పం, పలమనేరు చుట్టూ కౌండిన్య అడవిలో ఉన్నాయి. రెండు చోట్లా రద్దీ లైన్లున్నాయి. ఈ ముప్పు ముందే కనిపిస్తోంది. కనిపించినప్పుడే చెబుతున్నాం.

ఈ చావులు ఎక్కడ జరుగుతాయో కూడా మనకు తెలుసు. మలుపుల్లో ఎక్కువ. కొండను నిలువుగా కోసి లైను వేసిన చోట ఎక్కువ, ఎందుకంటే అటూ ఇటూ గోడలా ఉన్న గట్టు ఎక్కలేక జంతువు పట్టాల వెంటే పరుగెత్తుతుంది. రాత్రిళ్లు, తెల్లవారుజామున ఎక్కువ. ఎండాకాలంలో నీటి కోసం దాటే చోట ఎక్కువ. పట్టాల పక్క తిండి దొరికే చోట ఎక్కువ. తెలిసిన చోట్లు కాబట్టే ఆపవచ్చు. హరిద్వార్–డెహ్రాడూన్ లైను రాజాజీ అడవిలోంచి పోతుంది. అక్కడ ఏనుగులు వరసగా చనిపోతుంటే అటవీశాఖ, రైల్వే, వన్యప్రాణి కార్యకర్తలు కలిసి 2002 నుంచి రాత్రి గస్తీ పెట్టారు, డ్రైవర్లకు ముందుగా కబురు అందించారు, మలుపుల్లో పొదలు తీశారు, గట్లు వాలుగా చెక్కారు, వేగం తగ్గించారు. చావులు బాగా తగ్గాయి. కోయంబత్తూరు పక్క మధుక్కరై దగ్గర 2021 నవంబరులో ఒకే రాత్రి మూడు ఏనుగులు పోయాక తమిళనాడు అటవీశాఖ మేలుకుంది. 2024 ఫిబ్రవరిలో ఆ లైను వెంట వేడిని పసిగట్టే కెమెరాలు పెట్టి, ఏనుగు దగ్గరకు వస్తుండగానే లోకో పైలట్లకు, స్టేషన్లకు కబురు పోయేలా చేసింది. ఏనుగులు కట్ట కింద నుంచి పోవడానికి రైల్వే దారులు తీసింది. దేశంలో పద్నాలుగు రాష్ట్రాల్లో ఏనుగులకు ముప్పున్న 77 రైలు భాగాలను గుర్తించి ఎక్కడేం కట్టాలో కూడా రాసిపెట్టారు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 2016లోనే రోడ్లు, రైళ్లు, కరెంటు లైన్ల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏం చేయాలో తెలియక కాదు మనం ఆగింది. అడిగేవారు లేక ఆగింది. అడగండి.

ముఖ్యంగా కంచెల గురించి అడగండి. వేగం పెరిగిన లైన్లకు పశువులు అడ్డు రాకుండా కొన్నిచోట్ల గోడ, కొన్నిచోట్ల ఇనుప పట్టీల కంచె వేస్తున్నారు. మనుషుల ప్రాణాలకూ పశువుల ప్రాణాలకూ అది మంచిదే. అడవిలో మాత్రం ఎటూ దారి ఇవ్వని కంచె రెండు రకాలుగా చంపుతుంది. ఒకటి, నీళ్లు ఇటు, మేత అటు ఉండిపోయి మంద రెండుగా చీలుతుంది. రెండోది ఇంకా ఘోరం. ఎక్కడో గేటు దగ్గరో, కంచె తెగిన చోటో లోపలికి వచ్చిన జంతువు బయటికి పోలేక బండి వచ్చేదాకా పట్టాల మధ్యే తిరుగుతుంది. అందుకే కంచె ఎంత పొడవో అడిగితే సరిపోదు. జంతువు దాటే దారి ఎక్కడ, తూము కింద నుంచా, వంతెన కింద నుంచా, లోపల చిక్కుకుంటే బయటపడే వాలు ఎక్కడ అని కూడా అడగాలి. చెట్ల మీద తిరిగే జంతువుల పరిస్థితి వేరు. అస్సాంలోని హొల్లొంగాపార్ అభయారణ్యంలో రైలు లైను అడవిని రెండుగా కోసేసింది. అక్కడి హూలాక్ గిబ్బన్లనే వానరాలు నేల మీదికి దాదాపు దిగవు. అటువైపు మిగిలిన కొన్ని కుటుంబాలు అక్కడే చిక్కుకుపోయాయి. కొమ్మ కొమ్మ కలిసి ఉన్నంతకాలం ఆ సమస్యే లేదు. ఇప్పుడు తాళ్ల వంతెనలు కట్టి కలపాల్సి వస్తోంది. నల్లమలలో మన దేవాంగ పిల్లులు, బెట్టుడుతలు కూడా కొమ్మ మీదే బతుకుతాయి. రెండో లైను కోసం కొట్టేసే ప్రతి పెద్ద చెట్టు దగ్గర ఈ సంగతి గుర్తుండాలి.

చిన్న ప్రాణులకు చేయగల సాయం ఇంకా సులువు. రాయలసీమ చిట్టడవుల్లో నక్షత్ర తాబేళ్లున్నాయి. తాబేలు ఎలాగో పట్టా ఎక్కి లోపలికి పడిందంటే రెండు పట్టాల మధ్య నుంచి బయటికి రాలేదు. ఎండకు మాడిపోతుంది, లేదా పట్టాలు కలిసే చోట ఇరుక్కుంటుంది. జపాన్‌లో నారా ప్రాంతంలో ఇలాగే జరుగుతుంటే, పట్టాలు కలిసే చోట కింద చిన్న సిమెంటు కాలువలు తీసి తాబేళ్లు వాటిలోంచి బయటికి నడిచేలా చేశారు. అంత చిన్న పనికి కావలసిందల్లా ఎవరో ఒకరు గమనించడం.

నీటి గురించి ఎక్కువ చెప్పాలి. ఇక్కడ మూగజీవాల ప్రాణం, మన ప్రాణం వేరువేరు కావు. రైలు కట్ట నేల మీద అడ్డంగా లేచిన మైళ్ల పొడవు గట్టు. వాగులు, వంకలు, చెరువుల అలుగు నీళ్లు దాని కింద తూముల్లోంచే పోవాలి. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర ఏం జరిగిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. భారీ వర్షాలకు ఎగువ చెరువు తెగి, ఆ వరద పట్టాల కింది చిన్న వంతెనను ఊడ్చుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ అందులో పడి వందమందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరద కట్టనూ కంకరనూ కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. అక్కడ మనుషుల ప్రాణాలు దక్కడం అదృష్టం. వానలు ఇంకా ముదురుతున్న కాలమిది. ఇలాంటప్పుడు ఎగువ చెరువులు బాగుండాలి, వాగు ఒడ్డున గడ్డీ చెట్లూ మట్టిని పట్టుకుని ఉండాలి, తూము నోరు తెరుచుకుని ఉండాలి. కట్ట వాలు మీద గడ్డి గీకేసి మట్టి బోడి చేస్తే మొదటి గట్టి వానకే గాళ్లు పడతాయి. అరకు లైనులో వానాకాలం రాగానే కొండరాళ్లు జారి బండ్లు ఆగడం మామూలైపోయింది. అక్కడ కొండ వాలు మీద చెట్టు నరికితే ముందు పోయేది పిట్ట గూడు, తర్వాత వచ్చేది పట్టాల మీది బండరాయి.

తూములో నీళ్లొక్కటే పోవు. ఎండాకాలం పొడిగా ఉన్నప్పుడు నక్క, పునుగుపిల్లి, ముంగిస, కుందేలు, ఉడుము కట్ట కింద నుంచి దాటే దారి అదే. రెండో లైను వేస్తూ తూమును పొడిగించేటప్పుడు లోపల ఒక పక్కన అడుగు వెడల్పు పొడి గట్టు వదిలితే చాలు, వానాకాలంలోనూ అవి నడుస్తాయి. తూము నేల బయటి నేలకంటే కిందికి జారిపోకుండా, లోపల వెలుతురు కనిపించేలా చూస్తే చాలు. కాంట్రాక్టరుకు అదో పెద్ద ఖర్చు కాదు. గీసే దశలోనే ఇంజనీరు కాగితం మీద పడాలంతే. కొల్లేరు దక్షిణాన గుడివాడ–కైకలూరు–ఆకివీడు వైపు కట్ట అయినా, పెలికాన్లు వాలే నేలపట్టు పక్కన దొరవారిసత్రం దగ్గరి లైను అయినా, నీరు అటూ ఇటూ ఆడితేనే చేపా పిట్టా బతుకుతాయి.

వేసవి వస్తోందంటే ఇంకో భయం. కట్ట పక్క ఎండిన గడ్డికి నిప్పు పెట్టేస్తే పని త్వరగా అయిపోతుందని కొందరు అనుకుంటారు. కిటికీలోంచి విసిరిన బీడీ ముక్కతోనూ అంటుకుంటుంది. ఊరి చెత్త తెచ్చి రైలు కట్ట పక్కన తగలబెట్టేవారూ ఉన్నారు. నల్లమలలో ఆ మంట అక్కడితో ఆగదు. నేల మీద గుడ్లు పెట్టిన పిట్ట, ఎండుటాకుల కింద ఉన్న తాబేలు, పుట్టలో ఉన్న పాము అన్నీ పోతాయి. పొగ కమ్మితే సిగ్నలు కూడా కనిపించదు. గడ్డి తీయవద్దనడం లేదు. కంకరలో మొలిచింది తీయాల్సిందే, లేకుంటే నీరు దిగక కట్ట బలం తగ్గుతుంది. మలుపుల్లో చూపుకు అడ్డం వచ్చేదీ తీయాలి. కానీ కంకర అంచు నుంచి హద్దు రాయి దాకా మొత్తం గీకడం దేనికి? ఈ ఏడు ఒక ముక్క, వచ్చే ఏడు ఒక ముక్క కోస్తే ప్రాణులు పక్కకు జరుగుతాయి. వానాకాలంలో గిజిగాళ్లు గూళ్లల్లే వేళ ఈత చెట్ల జోలికి పోకపోతే ఏ రైలుకూ నష్టం లేదు. కలుపు మందు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. గ్లైఫోసేట్‌ను ఎవరు పడితే వాళ్లు చల్లకూడదని, పురుగుల నియంత్రణ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022లో ఆదేశించింది. జర్మనీ రైల్వే దాన్ని వాడటమే మానేసింది. కట్ట మీద చల్లింది మొదటి వానకు పక్క గుంటలోకి దిగుతుంది. ఆ గుంటలోనే మన గేదెలు నీళ్లు తాగుతాయి.

మొక్కలు నాటితే అంతా సరిపోతుందనే నమ్మకం కూడా ప్రమాదమే. మంచి మనసుతో చేసినా సరే. త్వరగా ఏపుగా పచ్చగా కనబడుతుందని స్టేషన్లలో, కట్టల పక్కన కోనోకార్పస్ నాటారు. మన పిట్టలకూ పురుగులకూ దానివల్ల ఒరిగేది తక్కువ. ఊపిరి ఇబ్బందుల ఫిర్యాదులు వచ్చి తెలంగాణ ప్రభుత్వమే హరితహారంలో అది వద్దంది. సర్కారు తుమ్మ వచ్చిన దారి మనకు తెలుసు, ఒకసారి వేరు దిగితే తీయడం ఎంత కష్టమో రైతునడగండి. వయ్యారిభామ, లాంటానా మట్టి లారీలతో పాటే కొత్త చోట్లకు పోతాయి. ఎక్కడి నుంచో తెచ్చిన మట్టి కొత్త కట్టకు పోశాక మొదటి రెండేళ్లు అక్కడ ఏం మొలుస్తుందో కనిపెట్టాలి. మొలిచినప్పుడే పీకితే కూలి ఖర్చుతో పోతుంది. నాటాలనుకుంటే కానుగ, నేరేడు, మోదుగ, రేగు, తంగేడు ఉండనే ఉన్నాయి. అంతకంటే ముందు, ఉన్నవాటిని ఉండనివ్వండి. ముళ్లపొద ఉన్న బీడును చదును చేసి వరసల్లో మొక్కలు పెట్టడం ఆ పొదలో బతికే కౌజుకు పెద్ద దెబ్బ.

ప్రయాణికులుగా మన చేతిలోనే ఉన్న పని ఒకటుంది. తినగా మిగిలిన అన్నం, బిర్యానీ ప్యాకెట్టు, అరటి తొక్క కిటికీలోంచి వేయకండి. దానికోసం కోతి వస్తుంది, కుక్క వస్తుంది, అడవిపంది వస్తుంది. తర్వాత బండి వస్తుంది. కుక్క చస్తే దాన్ని తినడానికి నక్క, గద్ద వచ్చి అవీ పోతాయి. గూడ్స్ వ్యాగన్ల నుంచి బియ్యం, మొక్కజొన్న కారిన చోట కూడా ఇదే. కెనడాలోని బాన్ఫ్ అడవిలో వ్యాగన్ల నుంచి రాలిన గింజలకు అలవాటుపడి ఎలుగులు రైళ్ల కింద పడ్డాయి. మన గూడ్స్ షెడ్ల దగ్గర, సైడింగుల్లో గింజ కనిపిస్తే ఊడ్పించాలి. కళేబరం కనిపిస్తే పట్టాల దగ్గర నుంచి దూరంగా తీయించాలి. ఇంకో ముప్పు, పట్టాల పైనున్న 25 కేవీ కరెంటు తీగ. కొమ్మ దగ్గరైన చోట కోతులు, నెమళ్లు ఆ తీగకు తగిలి మాడుతున్నాయి. అక్కడ కొమ్మ కత్తిరించడమే మంచిది.

చట్టం చూసుకుంటుందిలే అని ధీమాగా ఉండలేం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం రైలు లైనుకు పర్యావరణ అనుమతి అక్కరలేదు. అటవీ భూమి తీసుకుంటే, అభయారణ్యంలోంచి పోతే మాత్రమే ఆ శాఖల అనుమతులు కావాలి. అంటే అడవి బయట ఉన్న గుంట, చెరువు అంచు, బీడు, పొద తరఫున ఎక్కడా బహిరంగ విచారణ జరగదు. వాటి తరఫున మాట్లాడాల్సింది ఆ ఊరివాళ్లే. మాట్లాడితే ఫలితం ఉంటుంది. బ్రిటన్‌లో పక్షులు గూళ్లు పెట్టే కాలంలో లైన్ల పక్క చెట్లు నరుకుతున్నారని జనం గట్టిగా అడిగితే 2018లో ప్రభుత్వం సమీక్ష జరిపించింది. ఆ తర్వాత అక్కడి నెట్‌వర్క్ రైల్ 2035 కల్లా తన నేలలో జీవవైవిధ్యాన్ని పెంచి చూపిస్తానని లక్ష్యం పెట్టుకుంది. మన రైల్వేకూ విస్తారంగా నేల ఉంది. మన గ్యాంగ్‌మెన్‌కు ఉన్నంత నేల పరిచయం ఇంకెవరికుంది? ఏ కిలోమీటరులో ఏ జంతువు దాటుతుందో వారిని అడిగితే చెబుతారు. ఇంజనీరు గారూ, ప్లాను గీసేముందు ఒక్కసారి ఆ కీమన్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి.

మీరు గమనించాల్సినవి ఇవి. చెట్లకు రంగు గుర్తులు పడితే, కొత్త హద్దు రాళ్లు పాతితే, పని మొదలవబోతోందని అర్థం. అడగడానికి అదే సమయం. ఒకే చోట పదేపదే జంతువులు చస్తుంటే, కాకులూ కుక్కలూ ఒకే చోట గుమిగూడుతుంటే అది జంతువులు దాటే చోటు. గుంటలో నీరు రంగు మారితే, కప్పల అరుపు ఆగిపోతే మందు పడిందేమో చూడాలి. కట్ట వాలు మీద గాళ్లు, తూము నోట్లో చెత్త, తీగ మీద వంగిన కొమ్మ కనిపిస్తే రాసుకోండి. పట్టాల పక్కనున్న ప్రతి కరెంటు స్తంభానికీ ఒక నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు చెబితే రైల్వే వారికి చోటు ఠక్కున దొరుకుతుంది. దూరం నుంచి చూసి రాసుకోండి. ఫొటో కోసం దయచేసి పట్టాలెక్కకండి, పిల్లల్ని పంపకండి. వేగం పెరిగిన బండి చప్పుడు వినిపించేలోపే మీద ఉంటుంది.

స్టేషన్ మాస్టర్‌కు రాసివ్వండి, 139కి ఫోన్ చేయండి, అడవి దగ్గరైతే ఫారెస్టు రేంజరుకు కూడా చెప్పండి. మీ ఎంపీ రైల్వే జనరల్ మేనేజరుతో జరిగే సమావేశానికి హాల్టులు, కొత్త బండ్లు అడగడానికి వెళ్తారు. ఈసారి ఆయన జాబితాలో తూముల పొడి గట్లు, జంతువుల దారులు, రాత్రి వేగం కూడా చేర్పించండి. పంచాయతీ తీర్మానం చేసి పంపండి. ముందుగా చేయాల్సింది ఒకటుంది. తొలకరి పడేలోపు మీ ఊరి పక్క రైలు తూము చూసి రండి. పూడి ఉంటే స్తంభం నంబరుతో సహా ఆ రోజే రాసివ్వండి, వారంలో ఎవరూ రాకపోతే మళ్లీ రాయండి.